కదిరి దారిలో కైమా లెక్క

అనంతపురం నుంచి కదిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి బత్తలపల్లి, ముదిగుబ్బల మీదుగా సాగుతుంది. కార్తీకమాసం వెళ్లిపోయిన వారం అది. సెనక్కాయ పీకేశారు. చేలు ఎర్రగా, ఖాళీగా ఉన్నాయి. ఊళ్ల పక్కన సెనగకట్టె వాములు లేచాయి. రాలిన ఆకు కోసం చేలల్లోకి గొర్రెల మందలు దిగాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య రుతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. సెనక్కాయ పండని ఏట కూడా రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడేది మంద వల్లనే. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. ఇంత మంద ఉన్న చోట కూడా సామాన్యుడి ఇంట్లో పొట్టేలు మాంసం ఆదివారానికో, పండక్కో వండుకునే వంటే. అందుకే దాని మీద పెట్టే ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది.

కదిరిలో మా అక్క ఇంట్లో ఈ లెక్క మీదే ఎప్పుడూ వాదన. ఇంట్లో ఎనిమిది మంది. బావ కిలో 600కు దొరికే మిషన్ కైమా తెస్తాడు. "అన్ని నోళ్లకు సరిపోవాల గదా" అంటాడు. ఆ కైమాతో ఉండలు చేస్తే పులుసులో విడిపోతాయని అక్క బాధ. ఈసారి రెండు రకాలూ తెచ్చి, పక్కపక్కనే వండి చూద్దామని ఒప్పించి శనివారం పొద్దున బయలుదేరాను.

ముదిగుబ్బ దాటాక తెలిసినవాళ్ల ఊరి దగ్గర దిగాను. చెరువుకట్ట కింద మంద మేపుతున్న పెద్దాయన ఒక పొట్టేలును ఒడిసి పట్టుకుని, పెదవి పైకెత్తి పండ్లు చూపించాడు. ముందు వైపు పాలపండ్ల మధ్య వెడల్పాటి పండ్లు రెండు కనిపించాయి. ఏడాది దాటినదన్నమాట. "రెండు పండ్లది నాయనా. కూరకు ఇదే రుచి" అన్నాడు. తర్వాత దాని వెన్ను మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూడమన్నాడు. వెన్నుపూసలు చేతికి మొనల్లా గుచ్చుకుంటే కండ పట్టనట్టు, కండ కింద మెత్తగా తగిలితే కోతకు సిద్ధమైనట్టు. సంతలో బేరగాళ్లు ధర కట్టేది ఈ అరచేతి అంచనాతోనే. ముప్పై కిలోలు తూగే పొట్టేలును కోస్తే, తల, కాళ్లు, చర్మం, పేగులు పోగా ఎముకతో కలిపి అందులో సగానికి కాస్త తక్కువే మిగులుతుంది.

"మరి ఈనడం మానేసిన ముసలి గొర్రెను ఎవరు కొంటారు పెద్దాయనా?" అని అడిగాను.

"కొనేవాళ్లు ఉండారప్పా. ముక్కలుగా అమ్మితే ఉడకలేదని మనిషి తిరిగొస్తాడు. మిషన్లో ఏస్తే దాని వయసు ఎవురికి తెలుస్తాది?"

ముసలి గొర్రె మాంసం చెడ్డదేమీ కాదు. వయసు పెరిగేకొద్దీ కండలోని పీచు గట్టిపడుతుంది కాబట్టి కుక్కర్లో ఎక్కువసేపు ఉడికించాలి, అంతే. అదని చెప్పి, దానికి తగ్గ ధరకు ఇస్తే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. చెప్పకుండా అమ్మడమే తప్పు. కైమాగా మారాక అడగడానికి ఆధారమే ఉండదు.

ఈ మోసం మనకు మాత్రమే పరిమితం కాదు. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ అంగళ్లలో అమ్మే గొడ్డుమాంసం బర్గర్లను పరీక్షిస్తే కొన్నిటిలో గుర్రం మాంసం తేలింది. ఒక నమూనాలోనైతే మాంసంలో 29 శాతం గుర్రానిదే. యూరప్ అంతా అట్టుడికిపోయింది. అంత కట్టుదిట్టమైన చట్టాలున్న చోట కూడా కైమా చాటున అది సాగిపోయింది. మన దగ్గర హైదరాబాద్ శివారు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో డీఎన్‌ఏ పరీక్షతో మాంసం ఏ జంతువుదో తేల్చే పద్ధతులున్నాయి. ఆదివారం పొద్దున సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ పరీక్ష అందదు. అతనికి ఉన్న సాధనం కళ్లు మాత్రమే.

మరునాడు తెల్లారకముందే బావతో అంగడికి పోయాను. ముందు ఆయన వాడుక అంగట్లో అర కిలో కైమా తీసుకున్నాం. పళ్లెంలో ముందే పోసి పెట్టినది. తెల్లటి చుక్కలు దట్టంగా ఉన్నాయి, అడుగున పలచటి ఎర్రనీళ్లు చేరాయి. అందులో ఏ భాగాలు పడ్డాయని అడిగితే "అన్నీ కలిసే ఉంటాయి" అన్నారు.

రెండో అంగట్లో పొట్టేలు ఇంకా కొక్కేనికి వేలాడుతోంది. మగదని తెలిసేలా గుర్తు వదిలే ఉంచారు. తొడ మీద మునిసిపాలిటీ ముద్ర కనిపిస్తోంది. ఎముకతో కిలో 800. "భాయ్, కైమాకు ఏ భాగం ఇస్తావ్?" అన్నాను.

"తొడ అయితే అంతా కండే సార్, ఉండలు గట్టిగా అవుతాయి. చెయ్యి తీసుకోండి, కొంచెం కొవ్వు ఉంటాది. మిషన్లో ఏసేదా, కొట్టిచ్చేదా?"

కొట్టమన్నాను. ముందెడమ చెయ్యి దించి, ఎముక విడదీసి, పైన తెల్లటి పొరను కత్తిమొనతో లాగేశాడు. నరాలు ఒక పక్కకు నెట్టాడు. చింతమొద్దు మీద మాంసాన్ని పరిచి, రెండు కత్తులతో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కొట్టాడు. మడిచి, తిప్పి, మళ్లీ కొట్టాడు. చింత చేవ గట్టిది, పీచు విడవదు, అందుకే కసాయి మొద్దుకు దాన్నే ఎంచుకుంటారు. కత్తితో కొట్టిన కైమాలో ప్రతి పలుకూ విడిగా కనిపించింది. వేడెక్కిన మిషన్‌లో కొవ్వు కరిగి కండకు పూసుకుపోతుంది. కత్తి కింద ఆ పని జరగదు. ఎముకలు విడిగా పొట్లం కట్టి ఇచ్చాడు.

ఇంటికి రాగానే వండేశాం. ఆలస్యం చేయకూడని మాంసం ఇది. ముక్కకు పైపైన ఉండే సూక్ష్మక్రిములు కైమాలో లోపలి దాకా కలిసిపోతాయి. మన ఎండలకు గంట దాటి బయట ఉంచకూడదు. అక్క రెండు పొయ్యిల మీద రెండు బాణళ్లు పెట్టి, ఉప్పు, పసుపు వేసి, రెండిటిలోనూ అర కిలో చొప్పున పోసింది. మిషన్ కైమా బుసబుసా నీళ్లు వదిలింది. నీళ్లు ఇగిరాక కొవ్వు తేలింది. వంచి తూస్తే 270 గ్రాములు మిగిలింది. కొట్టించినది తన నీటిలోనే మగ్గి 360 గ్రాములు నిలిచింది. వాసనలోనే తేడా తెలిసింది.

అప్పుడు బావ కాగితం, పెన్సిల్ తీశాడు. ఆయన లెక్క న్యాయమైనదే. 300 రూపాయలకు మిషన్ కైమా వండాక 270 గ్రాములు. అదే 300 పెట్టి చెయ్యి భాగం కొంటే ఎముకతో 375 గ్రాములు వస్తుంది. ఎముక పోతే సుమారు 280, వండితే 200. "చూసినావా, డెబ్బై గ్రాములు తక్కువ" అన్నాడు. నిజమే. చవక కైమా తూకంలో ఇంకా చవకగానే ఉంది.

జవాబు అక్క చెప్పింది. డబ్బాలోంచి గుప్పెడు పచ్చిశనగపప్పు తీసి నానబోసింది. వంద గ్రాముల పప్పు పది రూపాయలు. ఉడికితే దాదాపు రెండింతలవుతుంది. వందలో ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులే. "ఆ డెబ్బై గ్రాములూ ఇదిగో" అంది. పప్పు, మెంతికూర కలిపిన కైమా ఎనిమిది మందికీ వచ్చింది. కొట్టించినదాంట్లో ముందే పక్కన పెట్టిన కొంచెం పచ్చికైమా తీసి పుట్నాల పప్పు పొడి, కొబ్బరి, అల్లంవెల్లుల్లి కలిపి ఉండలు చేసి పులుసులో వేస్తే ఒక్కటీ విడిపోలేదు. ఎముకలతో రాగిసంగటికి చారు కాచింది.

నాకు ఆ వంటగదిలో అర్థమైంది ఇదే. కరువు నేలలో మాంసాన్ని సాగదీసుకోవడం తప్పు కాదు, అది తరతరాలుగా ఆడవాళ్లు నేర్చిన విద్య. పప్పుతోనో, ఉర్లగడ్డతోనో, గోంగూరతోనో కలిపితే పళ్లెంలో ఏముందో తినేవాళ్లకు తెలుసు. అదే కలపడం మనకు తెలియకుండా అంగట్లో జరిగితే, నీళ్లకూ నరాలకూ మాంసం ధర కడుతున్నాం. చవక చేసుకునే పని ఇంట్లో జరగాలి, అంగట్లో కాదు.

ఇంకో చిన్న లెక్క కూడా గుర్తుంచుకోండి. ఎముకతో కిలో 800 ఉన్నప్పుడు, కిలోలో పావు వంతు ఎముకే అనుకుంటే, శుద్ధమైన కైమా కిలో వెయ్యి దాటక తప్పదు. అంతకు సగం ధరకు ఎవరైనా ఇస్తున్నారంటే, అందులో ఏం కలిసిందో అడిగే హక్కు మీకుంది. ఖరీదైన తొడ కైమా కోసం పరిగెత్తనక్కర్లేదు. చెయ్యి భాగమో, మెడ భాగమో పావు కిలో అయినా సరే, వేలాడుతున్న పొట్టేలు నుంచి కోయించి, కళ్ల ముందు కొట్టించుకోండి. ఎముకలు అడిగి తెచ్చుకోండి. మిగతాది మీ ఇంటి పప్పుడబ్బా చూసుకుంటుంది.