యూరపులో ఏనుగుల కాపురం

ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నా. 1552వ సంవత్సరంలో ఆ నగరానికి ఒక ఏనుగు నడిచి వచ్చింది. దాని పేరు సులేమాను. పోర్చుగీసువారు దాన్ని ఆసియానుంచి ఓడలో యూరపుకు తెచ్చారు. రాకుమారుడు మాక్సిమిలియన్ దాన్ని స్పెయిన్ దేశంనుంచి తన వెంట తీసుకువచ్చాడు. దారిలో ఆల్ప్స్ పర్వతాలు అడ్డం. ఆ పర్వతాల మధ్య బ్రిక్సెన్ అనే ఊళ్ళో, ఒక సత్రంలో ఏనుగు రెండు వారాలు బస చేసింది. ఆ సత్రానికి ‘ఏనుగు’ అన్న పేరే స్థిరపడిపోయింది. పాపం, వియన్నా చేరిన సులేమాను రెండేళ్ళు కూడా బ్రతకలేదు. 1553 చివర చనిపోయింది.

ఏనుగును పర్వతాలు దాటించడం కష్టమే. కాని దూరదేశంలో దానిచేత కాపురం చేయించడం అంతకన్నా కష్టం. ఆ సంగతి తెలుసుకోవడానికి యూరపువారికి నాలుగు వందల ఏళ్ళకు పైగా పట్టింది. రండి, ఆ కథ జరిగిన చోట్లు చూసి వద్దాం.

మొదట వియన్నాలోనే ఆగుదాం. అక్కడి షోన్‌బ్రున్ రాజభవనం తోటలో 1752లో ఒక జంతుప్రదర్శనశాల వెలిసింది. నాటినుంచి నేటివరకు మూతపడకుండా నడుస్తున్న జంతుప్రదర్శనశాలల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. ఇక్కడ 1906 జులై 14న ఒక గున్న పుట్టింది. యూరపులో, జంతుప్రదర్శనశాలలోనే కడుపున పడి, అక్కడే పుట్టిన మొదటి ఏనుగు అది. వియన్నావారు దానికి ‘మేడి’ అని పేరు పెట్టారు. మన ‘చిట్టితల్లి’ వంటి ముద్దుపేరు అది.

ఒక గున్న పుట్టింది కనుక వెంటనే మరెన్నో పుట్టి ఉంటవని మీరు అనుకోవచ్చు. అలా జరగలేదు. ఆ తరవాత చాలాకాలం యూరపులో ఏనుగులు పుట్టడం అరుదుగానే ఉండిపోయింది. జంతుప్రదర్శనశాలకు ఏనుగు కావలసి వస్తే, అడవిలో పట్టిన గున్నను ఓడలో తెప్పించుకునేవారు.

దీనికి కారణం ఏమిటి? అడవిలో ఏనుగు ఎలా బ్రతుకుతుందో చూస్తే తెలుస్తుంది. ఏనుగుల మందలో పెత్తనం ఒక పెద్ద ఆడ ఏనుగుది. దాని వెంట చెల్లెళ్ళూ, కూతుళ్ళూ, మనుమరాళ్ళూ ఉంటారు. ఆడపిల్ల పుట్టినింటిని విడిచిపోదు. మగపిల్ల మాత్రం పది, పదిహేను ఏళ్ళు వచ్చేసరికి మందను విడిచి, ఒంటరిగానో ఇతర మగ ఏనుగులతోనో తిరుగుతుంది. గున్న పుట్టినప్పుడు అమ్మమ్మా, పిన్నమ్మలూ చుట్టూ నిలబడతారు. చిన్న ఆడ ఏనుగులు అదంతా చూసి నేర్చుకుంటవి.

జంతుప్రదర్శనశాలలో ఇందుకు విరుద్ధంగా జరిగేది. ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు మూడు ఆడ గున్నలను తెచ్చి, సిమెంటు గచ్చుమీద నిలబెట్టి, రాత్రివేళ కాలికి గొలుసు వేసేవారు. మగ ఏనుగుకు మదం ఎక్కితే దాన్ని అదుపులో పెట్టడం కష్టం. అందుచేత చాలామంది మగ ఏనుగును తెచ్చుకునేవారే కాదు. ఎప్పుడైనా ఒక ఆడ ఏనుగు ఈనితే, అంతకు ముందు ఈత అన్నదే చూసి ఎరగదు కనుక, తన బిడ్డను చూసి తానే బెదిరిపోయేది. అలా తల్లి కాలికిందనే చనిపోయిన గున్నలు కూడా ఉన్నవి.

2008లో కొందరు శాస్త్రజ్ఞులు వేల ఏనుగుల ఆయుర్దాయాలు లెక్కకట్టి చూశారు. యూరపు జంతుప్రదర్శనశాలల్లో పుట్టిన ఆడ ఆఫ్రికా ఏనుగులలో సగం, 17 ఏళ్ళు నిండేసరికే చనిపోతున్నవి. అదే కెన్యా దేశంలోని అంబోసెలి అడవిలో, మనుషుల చేత చావకుండా ఉంటే, సగం ఏనుగులు 56 ఏళ్ళదాకా బ్రతుకుతున్నవి. ఆసియా ఏనుగుల సంగతీ అంతే. జంతుప్రదర్శనశాలల్లో 19 ఏళ్ళు. బర్మాలో దుంగలు లాగే ఏనుగులకు 42 ఏళ్ళు. వేళకు మేతా, వైద్యుడూ ఉన్నచోట ఆయువు తక్కువా? ఈ లెక్క జంతుప్రదర్శనశాలల వారిని గట్టిగా కుదిపింది.

అప్పటికే మార్పు మొదలయింది. యూరపులోని జంతుప్రదర్శనశాలలు కలిసి ఏనుగులకు వంశావళి పుస్తకాలు పెట్టుకున్నవి. ఏ ఏనుగు ఎవరి బిడ్డ, ఏ మగ ఏనుగును ఏ ఊరు పంపాలి అన్నది ఆ పుస్తకాలు చూసి నిర్ణయిస్తారు. ఒక రకంగా ఇది పెళ్ళి సంబంధాలు చూడడమే. కాని ఒక భేదం ఉన్నది: ఏనుగులలో మేనరికాలు పనికిరావు! దగ్గర చుట్టాలు జతకడితే పుట్టే సంతానం బలహీనమవుతుంది.

ఇందులో చిక్కులు లేకపోలేదు. ఆడ ఏనుగుకు గర్భం నిలిచే రోజులు ఏడాదిలో మూడు సార్లు వస్తవి. అవీ కొద్ది రోజులే. చాలా ఏళ్ళు పిల్లలు కలగకపోతే ఆ శక్తి తగ్గిపోతుంది కూడా. గర్భం నిలిచినాక గున్న పుట్టడానికి దాదాపు 22 నెలలు పడుతుంది. పుట్టిన గున్న సుమారు నూరు కిలోలు తూగుతుంది. అందుచేత ఇప్పుడు ఏనుగుల నెత్తురు తరచు పరీక్షించి తగిన రోజులను కనిపెడుతున్నారు.

మళ్ళీ షోన్‌బ్రున్ సంగతికే వద్దాం. 2001లో అక్కడ ‘అబు’ అనే గున్న పుట్టింది. మగ ఏనుగుతో జత కలపకుండా, దాని బీజాన్ని మాత్రం తెచ్చి, కృత్రిమంగా తల్లికి గర్భం నిలిపారు. యూరపులో ఇలా పుట్టిన మొదటి ఏనుగు అబు. 2013లో అక్కడే ఇంకా పెద్ద వింత జరిగింది. దక్షిణాఫ్రికా అడవిలో స్వేచ్ఛగా తిరిగే ఒక మగ ఏనుగును కాసేపు మత్తులో ఉంచి, దాని బీజం సేకరించి వదిలేశారు. ఆ బీజాన్ని గడ్డకట్టించి వియన్నాకు తెచ్చారు. దానితో పుట్టిన ఆడగున్నకు ‘ఇక్వా’ అని పేరు. జులూ భాషలో ఇక్వా అంటే మంచుగడ్డ! ఏ ఏనుగునూ అడవినుంచి పట్టి తేకుండానే యూరపు ఏనుగులలోకి కొత్త నెత్తురు వచ్చింది.

కాని షోన్‌బ్రున్‌లో విషాదమూ జరిగింది. 2005లో అబు తనను సాకే మనిషినే చంపింది. అప్పటికి దానికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఏనుగు ఎంత మచ్చిక అయినా దాని బలం దానిదే. ఇటువంటి ప్రమాదాల మూలాన చాలా జంతుప్రదర్శనశాలల్లో మావటి అంకుశం పట్టి ఏనుగుల మధ్య తిరిగే పద్ధతి పోయింది. మనిషి ఊచల బయట నిలబడి, పొడుగాటి వెదురుకర్ర చూపి, పేరు పెట్టి పిలుస్తాడు. ఏనుగు వచ్చి కాలు ఊచల సందున పెడుతుంది. గోళ్ళు అరగదీసినంతసేపూ పండో కూరగాయో నములుతూ నిలుచుంటుంది. ఇష్టం లేకపోతే వెళ్ళిపోతుంది. కొట్టడం లేదు, కట్టడం లేదు.

మరి మగపిల్లల మాటేమిటి? పుట్టే గున్నలలో సుమారు సగం మగవి. మందకు ఒక్క మగ ఏనుగు చాలు. ఈ చిక్కు తీరడానికి జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో 2010లో కుర్ర మగ ఏనుగులకు ప్రత్యేకంగా ఒక విడిది ఏర్పాటు చేశారు. అవి అక్కడ కలిసి ఉంటూ, తోసుకుంటూ, కుస్తీలు పడుతూ మర్యాద నేర్చుకుంటవి. మన విద్యార్థుల హాస్టలు వంటిదే అనుకోండి.

ఇక పడమటికి సాగి, సముద్రం దాటి, ఐర్లండు రాజధాని డబ్లిన్ చేరుదాం. అక్కడి జంతుప్రదర్శనశాల 1831లో తెరిచినది. ఇక్కడ ఏనుగుల చోటుకు మన అస్సాం అడవి పేరు పెట్టారు: ‘కాజీరంగ’! 2006లో రాటర్‌డామ్‌నుంచి బెర్న్‌హార్డిన్ అనే ఆడ ఏనుగు, దాని చెల్లెలు యాస్మిన్, కూతురు అనక్ కలిసి వచ్చినవి. కుటుంబాన్ని విడదీయకుండా తెచ్చారన్నమాట. వాటి కాళ్ళకింద సిమెంటు బదులు ఇసుక పోశారు. మరుసటి ఏడు బెర్న్‌హార్డిన్‌కు ఆశ పుట్టింది. 2014లో జులైకీ సెప్టెంబరుకూ మధ్య మూడు గున్నలు పుట్టినవి: కవి, అశోక, సమియ. ఈనే ఏనుగును గొలుసుతో కట్టలేదు. మంద మధ్యనే ఈనింది. కష్టం వచ్చినా సుఖం వచ్చినా చుట్టూ అయినవాళ్ళే.

కథ ఇక్కడితో సుఖాంతమయితే బాగుండేది. కాని ఏనుగులకు ఒక మాయదారి జబ్బు ఉన్నది. దాని సూక్ష్మక్రిమి పెద్ద ఏనుగుల ఒంట్లో ఏ హానీ చేయకుండా నిద్రపోతుంటుంది. పాలు మాని, తల్లి ఇచ్చిన రక్షణ తగ్గిన చిన్న ఏనుగులలో అది ఒక్కసారిగా విజృంభిస్తుంది. ఉదయం ఆడుకుంటున్న గున్న ఒకటి రెండు రోజులలోనే ప్రాణం విడువవచ్చు. స్విట్జర్లండులోని జూరిచ్‌లో 2014లో ఏనుగులకు విశాలమైన కొత్త ఇల్లు కట్టారు. అంత మంచి ఇంట్లోనూ 2022లో ఒక నెల లోపున మూడు చిన్న ఏనుగులు ఈ జబ్బుతో పోయినవి. డబ్లిన్‌లో 2024 జులైలో అవని, జిందా అనే రెండు పోయినవి. మన దేశపు అడవులలోని గున్నలనూ ఈ జబ్బు చంపుతున్నది.

దీనికి టీకా కోసం ఇంగ్లండులో సర్రే విశ్వవిద్యాలయమూ, చెస్టర్ జంతుప్రదర్శనశాలా కలిసి పాటుపడుతున్నవి. అమెరికాలోని హూస్టన్‌లో 2024లో మరొక టీకాను ఒక ఏనుగుకు వేశారు. జంతుప్రదర్శనశాలల్లో నెత్తురు పరీక్షలకు కాలు చాపి నిలుచునే ఏనుగుల మూలానే ఈ జబ్బు గూర్చి చాలా సంగతులు తెలిసినవి. ఆ టీకా పూర్తిగా ఫలిస్తే అడవి ఏనుగుకు కూడా ఒక ఆశ.

ఏనుగులను అసలు జంతుప్రదర్శనశాలల్లో ఉంచవచ్చునా అని యూరపులో ఈనాటికీ వాదం నడుస్తున్నది. ఉంచకూడదనే వారూ, బాగా సాకితే ఉంచవచ్చుననే వారూ కూడా ఒప్పుకునే మాట ఒకటి ఉన్నది: ఒంటి ఏనుగు సగం ఏనుగే. మీరు ఎప్పుడైనా ఏనుగును చూడబోతే, అది ఎంత పెద్దదో చూసి ఊరుకోకండి. దాని కాళ్ళకింద ఏమున్నదో చూడండి. కాలికి గొలుసు ఉన్నదా లేదా చూడండి. పక్కన నిలుచున్నది దాని తల్లో, చెల్లెలో అడిగి తెలుసుకోండి. ఆ ఏనుగు సుఖంగా ఉన్నదో లేదో మీకే తెలిసిపోతుంది.