హవాయి అడ్డా

మా హుజూరాబాద్ మీదికెల్లి పోయే సడకే ఎల్కతుర్తి, హన్మకొండ, వరంగల్ దాటి ఖమ్మం దిక్కు పోతది. ఆ సడక్ మీదనే మామునూరు. మొన్న జుమా నమాజ్ అయినంక బైకు తీసి బయల్దేరిన.

ఉర్దూ మీడియం బడిలో మాకు విమానమంటే తయ్యారా. ఇంట్ల అమ్మీకి హవాయి జహాజ్. తెలుగు డిగ్రీలో చేరినంకనే నా నోటికి విమానం అలవాటైంది. మాటలు మూడున్నయి గానీ, మా దిక్కు దిగే జహాజ్ ఒక్కటి లేకుండె.

ఒకప్పుడు ఉండె. 1930లో, నిజాం జమానాల మామునూరు అడ్డా కట్టిన్రు. 1981 దాకా నడిచింది. ఆ తర్వాత బంద్.

1981 దగ్గర నేను ఆగిపోత. మా ఇలాఖా నుంచి మంది గల్ఫ్ బాట పట్టింది దాదాపు ఆ రోజుల్లనే. గరీబోళ్లకు జహాజ్ ఎక్కే జరూరత్ వచ్చేసరికి జహాజ్ ఊరిడిసి పోయింది. అబ్బా జిద్దా పోయిననాడు జమ్మికుంట స్టేషన్ల రైలెక్కిండు. సికింద్రాబాద్, ఆడికెల్లి బొంబాయి. అమ్మీ రుఖ్సత్ ఇచ్చింది రైలుకే.

2008 మార్చిలో బేగంపేట పోయి శంషాబాద్ వచ్చింది. భాయ్‌జాన్ దుబాయ్ పోయింది అక్కడికెల్లి. అప్పటికే అమ్మీ మోకాళ్లు జవాబిచ్చినయి, సాగనంపపోలేదు. నిరుడు అమ్మీ ఇంతెకాల్ అయింది. భాయ్‌జాన్ శంషాబాద్‌ల దిగి కారు కట్టుకొని వచ్చేసరికి మట్టి ఇచ్చుడు అయిపోయింది. గంటన్నర ఆలస్యం.

మామునూరుల పోలీసు ట్రైనింగ్ కాలేజీ, వెటర్నరీ కాలేజీ దాటితే పాత అడ్డా. గడ్డి, ముండ్లచెట్లు, నడుమ పాత రన్‌వే. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకో అడ్డా వద్దన్న షర్తు ఇన్నేండ్లు అడ్డం పడ్డది. అది తొలిగి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మంజూరు ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు కావాలన్నరు. చుట్టూత ప్లాట్ల బోర్డులు అప్పుడే లేచినయి.

గట్టు మీద ఒక పెద్దాయన బర్లను మేపుతున్నడు. నన్ను చూసి, కొలిచెటోడిననుకున్నడు.

"సర్వేకొచ్చినవా సాబ్?"

"లేదు కాకా. హుజూరాబాద్ నాది. ఊకనే చూడొచ్చిన."

"చూడు మరి. మా తాతది కొంత గీ అడ్డాల్నే పోయిందంట. ఇప్పుడు మిగిలింది గూడ."

"పైసలిస్తరు గదా కాకా."

"ఇస్తరు. గీ బోర్డులు లేచినంక, ఆ పైసలకు నాకు ఎకరం ఎక్కడ దొరుకుతది?"

నాకు జవాబు తోచలే. దుబాయ్ జహాజ్ సీదా ఇక్కడ దిగుతదన్న భరోసా సుత లేదు. అయినా అడ్డా రావాలనే నా దిల్ల ఉన్నది. ఆయన ముంగట ఆ మాట అనలేకపోయిన.

మగ్రిబ్ యాళ్లకు ఫోటో తీసి భాయ్‌జాన్‌కు పంపిన. "ఇదేనా? ఖబరస్తాన్ ఎంత దూరం ఇక్కడికెల్లి?" అని అడిగిండు.

"గంటన్నర" అని రాసిన.

కాకా మాట మాత్రం రాయలే. అందుకే ఇక్కడ రాస్తున్న.