ర్యాంపు ఆగిపోయిన చోటు

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఒక మండల కేంద్రం. బడి ఆవరణలో మూలగది మీద ‘భవిత కేంద్రం’ అని బోర్డు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే కేంద్రాలివి. ఫిజియోథెరపీ బల్ల, రంగు పూసలు, గోడకు నిలువుటద్దం గబగబా చూపించేసి, “లోపలిదేముంది సార్, బయటికి రండి” అన్నారు టీచరమ్మ.

ర్యాంపు పద్ధతిగానే కట్టారు. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు, పట్టుకోను కమ్మీలు. గేటు నుంచి తరగతికి, అక్కణ్ణుంచి మరుగుదొడ్డికి పోతుంది. ఆటస్థలం వైపు మాత్రం వరండా మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆపైన ఎర్రమట్టి, గులకరాళ్లు. వీల్‌చైర్‌ ముందు చక్రాలు చిన్నవి కదా, దించగానే కూరుకుపోతాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌ చదువుతో పాటు ఆటపాటలూ అందరితో సమానంగా ఉండాలంది. చదువు వరకే సిమెంటు సరిపోయినట్టుంది!

వరండా చివర వీల్‌చైర్‌లో ఏడో తరగతి పిల్లోడు క్రికెట్‌ స్కోరు రాస్తున్నాడు.

“రోజూ నువ్వేనా?”

“నేనే సార్. నా చేతిరాత బాగుంటాదంట” అన్నాడు, నవ్వకుండా.

ఈ మధ్యే వేపచెట్టు కింద కొంత మార్చారు. గులకరాళ్లు ఏరేసి, మట్టి తడిపి, దిమ్మిస కొట్టి బాట వేశారు. రెండు కూసాల మీద రాతిపలక పరిచి వామనగుంటలు తొలిపించారు, వరుసకు ఏడు చొప్పున 14. పలక ఎత్తుకు టేపు పెట్టలేదట. ఆ పిల్లోడి బండిని తెచ్చి నిలిపి, మోకాళ్లు దూరేదాకా జరుపుకున్నారు. బర్డ్‌ ఆసుపత్రిలో వేయించుకున్న కాలిపర్లతో ఒకమ్మాయి నిలబడే ఆడుతోంది. గుప్పిట్లోంచి చింతపిక్కలు ఒక్కొక్కటే వదలడమంటే, లోపల పూసలతో చేయించే వేళ్ల కసరత్తే. ఇక్కడ బతిమాలే పని లేదు. లెక్క తప్పితే పక్కనోళ్లు ఊరుకోరు కూడా.

బెంగళూరు పార్కుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు మొదలుపెట్టిన ‘కిలికిలి’ ఇలాంటి పనే చేస్తోంది.

ఇంటర్వెల్‌ బెల్లు మోగింది. ఆటిజం ఉన్న చిన్నోడొకడు చెవులు మూసుకుని, చెట్టు అవతల సగం పాతిన లారీ టైరులో దూరాడు. ఎవరూ లాగలేదు. అరుపులు తగ్గాక తనంతట తానే వచ్చి కిందపడ్డ పిక్కలు ఏరసాగాడు. బడికి కొనిచ్చిన రేకు జారుడుబల్ల కన్నా ఆ టైరే నాకు నచ్చింది. మార్చి ఎండకే ఆ రేకు మీద చెయ్యి పెట్టలేం.

నేను బయల్దేరేసరికి స్కోరు పుస్తకం వరండాలో పడుంది. పలక దగ్గర నలుగురు చేరి ఆ చేతిరాత పిల్లోడి మీద అరుస్తున్నారు: “దొంగాట ఆడినావు, పిక్కలు పెట్టు!”