మొదటి హెచ్చరిక

ఆలమూరు

ప్రియమైన పాఠకులకు,

నిద్ర పట్టట్లేదని, చిన్నదానికే ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడుతున్నామని మీలో కొందరు రాశారు. నేను డాక్టర్ని కాను. గోదారి గట్టున ఉండేవాణ్ణి కనక ఆ లెక్కలోనే చెబుతాను.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా లంకల్లో తెలివైన రైతు మొదటిదానికే పశువుల్ని ఏటిగట్టెక్కిస్తాడు, కోతకొచ్చిన అరటిగెలలు దించేస్తాడు. మూడోది వచ్చాక పడవ కోసం చూడ్డమే. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు అలాగే చూశారు.

మనసుకీ మొదటి హెచ్చరిక ఉంటుంది. కొందరికి దవడ బిగుసుకుంటుంది, కొందరు అన్నం దగ్గర మాట్లాడరు. నాకైతే ఫోను చేతిలోంచి దిగదు. వరదరోజుల్లో మరీను! టీవీలో అవే నీళ్లు పదిసార్లు చూస్తే మట్టం తగ్గుతుందా? పొద్దున్నా సాయంత్రం చూసి కట్టేయండి. ఊపిరి పీల్చిన దానికన్నా నెమ్మదిగా, ఎక్కువసేపు వదలండి; వదిలేటప్పుడే గుండె వేగం తగ్గేది. రెండు పెగ్గులేస్తే నిద్రొస్తుందంటారు కొందరు. వస్తుంది, తెల్లవారుజామునే చెడిపోతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది రాసుకోవడం. ఉత్తరాలు రాసేవాడు ఇంకేం చెబుతాడంటారా? 1986లో అమెరికాలో పెన్నెబేకర్, బీల్ అనే ఇద్దరు ఓ పరిశోధన ప్రచురించారు. అందులో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట, తమకి జరిగిన బాధాకరమైన సంగతి రాశారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. ఆ తరవాతి నెలల్లో మాత్రం, జరిగిందీ అనిపించిందీ రెండూ రాసినవాళ్లు ఆస్పత్రికి వెళ్లడం తగ్గింది. ఉత్త సంగతులే రాసినవాళ్లకి అంత ఫలితం లేదు.

మన కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్లు ఫోన్లో “బాగానే ఉన్నానే అమ్మా” అనే అంటారు. ఇటునుంచీ అదే మాట. పిల్లలు పక్కన వింటుంటే ఇంకేమంటారు? అలాంటివాళ్లకి ఎవరికీ చూపించక్కర్లేని ఓ నోటుబుక్కు ఉండాలి. బయటికి చెప్పుకోగలిగితే ఒక్కరికైనా చెప్పాలి.

రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోతే, బతకాలనిపించకపోతే, నోటుబుక్కుతో సరిపెట్టకండి. మనసు బాధలకి సాయం చేసే ఫోను లైను టెలీ మానస్ నంబరు 14416. దేశంలో ఎక్కణ్ణించైనా, ఏ వేళైనా చెయ్యొచ్చు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చెయ్యనని మొండికేసేవాళ్లుంటే పక్కన కూచుని మీరే కలిపివ్వండి.

ఉంటానండి,
మీ ఆలమూరు మిత్రుడు