దాదరులో మల్లఖంబం

ముంబయిలోని మన కుటుంబాలకు దాదరనగానే తూర్పు వైపున వున్న ఆంధ్ర మహాసభ జ్ఞాపకం వస్తుంది. పడమటి వైపున శివాజీ పార్కు వున్నది. ఆ మైదానం క్రికెట్టుకు ప్రసిద్ధం. అయితే మొన్నటి సెలవులలో మేము అక్కడికి వెళ్ళింది క్రికెట్టు కోసం గాదు. శ్రీ సమర్థ వ్యాయామ మందిరంలో మల్లఖంబం చూడటానికి.

దీనికి కారణం లేకపోలేదు. షోలాపురం నుంచి మా అక్కయ్య కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. వానికి 14 ఏళ్ళు. వేగంగా బంతి వేస్తాడు. ఏడాదిలో రెండుసార్లు తొడ వెనుక కండ పట్టివేసింది. డాక్టరు పరీక్షించి, భయం లేదు, మెల్లగా వ్యాయామం చేయించవచ్చునన్నారు. వాడేమో తోటివాని చేత వీపు నొక్కించుకొని, పళ్ళు బిగబట్టి రోజూ వంగుతున్నాడు. బావగారేమో ఆటే మానిపించేద్దామంటున్నారు.

మల్లఖంబమంటే మల్లుని కంబమే. మనకు వేరే అర్థం చెప్పనక్కరలేదు. కుస్తీ పట్టేవారికి సాధనగా వుండిన విద్య యిది. రెండవ బాజీరావు పీష్వా కాలంలో బాలంభట్ట దాదా దేవధర్ దీనికి మళ్ళీ ప్రాణం పోశారు. 2019 ఫిబ్రవరిలో మొదటి ప్రపంచ పోటీలు యీ శివాజీ పార్కులోనే జరిగాయి. యీ మందిరంలో ఏళ్ళ తరబడి నేర్పిన ఉదయ్ దేశ్‌పాండేగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది.

కంబం నున్నని కొయ్య. పైకి పోనుపోను సన్నబడుతుంది. దానికి ఆముదం రాస్తారు. పదేళ్ళ పిల్లవాడొకడు తొడలతో దాన్ని కరచుకొని, తలక్రిందులై, విల్లులా వంగి నిలిచాడు. పక్కన ఆడపిల్లలు వేలాడే తాడును కాలి బొటనవేలికీ పక్క వేలికీ నడుమ యిరికించుకొని ఎగబాకి, ముడి అన్నది లేకుండానే గాలిలో ఆసనాలు వేశారు. అక్కయ్య "అమ్మో" అని కళ్ళు మూసుకున్నది.

అంతగా వంగడం ఎట్లా వస్తుందని మావాడు అక్కడ నేర్పే ఒకరిని అడిగాడు. "వంగడం గొప్ప గాదు బాబూ, వంగినచోట పట్టు నిలవాలి" అన్నారాయన మరాఠీలో.

యీ మాటలో శాస్త్రం వున్నది. కండను ఎముకకు కలిపేది స్నాయువు. ఎముకను ఎముకకు కట్టివుంచేది బంధనం. రెంటికీ బలం కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులవల్ల వస్తుంది. కండకు పారినంత రక్తం వీటికి పారదు. కనుక కండ వారాలలో బలపడితే, వీటికి నెలలు కావాలి. బలవంతాన గుంజినందువల్ల ఆ గడువు తగ్గదు. కీలు బాగా సాగి, దాన్ని కాచే కండలో సత్తువ లేకున్నా ముప్పే. కంబంమీద సాగడమూ పట్టడమూ ఒక్కసారే జరుగుతాయి. బంతి వేసేవానికి ఒకవైపే శ్రమ ఎక్కువ. రెండవవైపుకూ సాధన కావాలి. ఆటకు ముందు కదలకుండా నిమిషాల తరబడి కండ సాగదీయడంకన్న నడక, మెల్లని పరుగు, కాళ్ళూచేతులూ ఊపడం మేలు.

ఆ రాత్రే బావగారితో ఫోనులో మాట్లాడాము. ఆట మానిపించలేదు, రోజుకు వేసే బంతుల లెక్క తగ్గించారు. వీపు నొక్కించుకోవడం కట్టిపెట్టి, కుర్రవాడు రోజు విడిచి రోజు తొడలకు బలమిచ్చే వ్యాయామం చేస్తున్నాడు. నాలుగు నెలలైంది, కండ మళ్ళీ పట్టలేదు. పూర్తి వేగానికి యింకా తొందరపడవద్దన్నాము.

పిల్లలకు బంతీ బ్యాటూ కొనిపెట్టే తలిదండ్రులు యీ నెలల గడువునుకూడా వారికి యివ్వవలసివుంటుంది. అది అంగడిలో దొరకదు.