ధ్రువనక్షత్రానికి ఒక తీగముక్క

ఛాయాగ్రాహకుల సామగ్రిలో అన్నిటికన్నా అల్పమైనది షట్టరును దూరం నుంచి నొక్కే తీగ. రెండు మూరల తీగ, కొసన ఒక మీట. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆ తీగను ఎన్నుకోవడానికి ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని ఒక రైల్వే క్వార్టరులో రెండు వారాలు మీమాంస జరిగింది.

ఆ ఇల్లు ఒక ఎలక్ట్రికల్ ఫిట్టరుది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో కొలువు కోసం శ్రీకాకుళం ప్రాంతం నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబం. తాత, తండ్రి, తాను మూడు తరాలుగా వర్క్‌షాపు కూలి తిన్నవారే. ఇప్పుడాయన పదవీ విరమణ చేశాడు. క్వార్టరు రైల్వేవారిది కనుక, గడువు తీరేలోగా తాళంచెవి అప్పగించక తప్పదు.

ఆ వాకిట్లో నిలబడి ఉత్తరంగా చూస్తే ఇంటికప్పు మీదుగా ధ్రువుడు కనిపిస్తాడు. చిన్నతనంలో తండ్రి ఆ చుక్కను చూపించి, మన ఊళ్ళో ఇది ఇంకా కిందికి ఉంటుందని చెప్పేవాడట. అది అతిశయోక్తి కాదు. ఏ ఊరి అక్షాంశమెంతో ఆ ఊళ్ళో ధ్రువుడి ఎత్తు దాదాపు అంత. శ్రీకాకుళంలో 18 డిగ్రీలు, ఖరగ్‌పూర్‌లో 22. వలస వచ్చిన దూరాన్ని ఆకాశంలో కొలిచి చూపిన తండ్రి గొప్పవాడే అనాలి. ఇల్లు వదిలేలోగా ఆ కప్పునూ, దానిపైన ధ్రువుడి చుట్టూ తిరిగే చుక్కలనూ ఒకే చిత్రంలో పట్టాలని ఆయన సంకల్పం.

కొడుకు వాడి విడిచిన కానన్ 1200డి కెమెరా ఉంది. ఒక్క 30 సెకండ్ల చిత్రానికైతే తీగ అవసరమే లేదు. కెమెరాలోని రెండు సెకండ్ల టైమరు చాలు, చేతి వణుకు తగలదు. కాని చుక్కలు గంటకు 15 డిగ్రీలే తిరుగుతాయి. చెప్పుకోదగ్గ చాపం రావాలంటే కనీసం 40 నిమిషాలు పడుతుంది. అంతసేపూ షట్టరు ఒక్కపట్టున తెరిచి ఉంచితే యార్డు దీపాల వెలుగు కమ్మి ఆకాశం తెల్లబారుతుంది. అందుచేత 30 సెకండ్ల చిత్రాలను వరుసగా 80 తీసి, తరువాత కంప్యూటరులో కలపాలి. అందుకు మీటను నొక్కి బిగించి ఉంచే తీగ కావాలి.

గోల్‌బజార్‌లో విచారిస్తే కంపెనీ ముద్ర ఉన్న తీగ ధర వెయ్యి దాటింది. పేరులేని సరుకు కొన్ని వందలకే వస్తుందన్నారు. "ఇంత తీగముక్కకు అంత డబ్బేటండి?" అన్నది ఇల్లాలు. ఆ ప్రశ్నకు సమాధానం ఫిట్టరుకు తెలుసు. లోపల ఉన్నవి మూడు తీగలు. మీట సగం నొక్కితే ఒకటి ఉమ్మడి తీగకు తగిలి ఫోకస్ అవుతుంది. పూర్తిగా నొక్కితే రెండోది తగిలి షట్టరు తెరుచుకుంటుంది. బ్యాటరీ కూడా అక్కరలేని స్విచ్చి అది. ఖరీదైన దానిలోనూ విద్యుత్తు చేసే పని అంతే.

వెనుకటి ఫిల్ము కెమెరాలలో చాలావాటికి ఒకే మరతీగ సరిపోయేది; మీట చివర సూది బయటికి పొడుచుకువచ్చి బొత్తామును నొక్కేది. అంతకు ముందు రబ్బరు బుడ్డిని పిసికి గాలితో షట్టరు తెరిచేవారు. కెమెరాపై నేటికీ ఉన్న ‘బల్బ్’ అనే మాట ఆ బుడ్డి పేరే, దీపానిది కాదు. ఇప్పుడు కంపెనీకొక రంధ్రం. 1200డికి 2.5 మిల్లీమీటర్ల పిన్ను పడుతుంది. నైకాన్‌కు అది పనికిరాదు, కానన్‌లోనే పెద్ద కెమెరాలలో చాలావాటికి వేరే పిన్ను. మోడలు పేరు చూడకుండా కొన్న చౌకతీగ నిజంగా ఖరీదైనదే.

ఆయన చౌకదే తీసుకున్నాడు, కాని వెంటనే కాదు. కెమెరాను దుకాణానికి తీసుకువెళ్ళి, లెన్సుకు మూత పెట్టి, మీట బిగించి, పిన్ను మెడ దగ్గర తీగను అటూ ఇటూ వంచుతూ ఐదు నిమిషాలు వరుసగా చిత్రాలు తీయించాడు. తీగ తెగేది నడుమ కాదు, మెడ దగ్గరనే అని ఉద్యోగం నేర్పిన పాఠం. మొదటి తీగ మూడో నిమిషంలో ఆగింది. రెండోది ఆగలేదు. మెడకు ఇన్సులేషన్ టేపు చుట్టి, తీగ బరువు పిన్నుపై పడకుండా స్టాండు కాలికి కట్టాడు.

ఎనభై చిత్రాలూ వచ్చాయి. మొదటి చిత్రాన్నీ చివరి చిత్రాన్నీ పెద్దవి చేసి పోల్చి చూస్తే ధ్రువుడు కూడా ఉన్నచోటనే లేడు, కొద్దిగా జరిగాడు. అసలు ధ్రువబిందువుకు ఆయన కొంచెం ఎడంగా ఉంటాడు మరి. వాటిని ఒకటిగా కలిపే పని కొడుకు సెలవుకు వచ్చినప్పుడు చేయాలి.