రాజు అనే నేను

ఉస్మానియాలో చదివే రోజుల్లో నాచారంలో రేకుల గదిలో నలుగురం దోస్తులం ఉండేవాళ్లం. మిగతా ముగ్గురి పేర్లకు గది దొరికింది. నా పేరు రజాక్. ఓనరుకి 'రాజు' అని చెప్పారు మావాళ్లు. అంతా నవ్వుకున్నాం. 1991 సంగతి. అంతకు ముందు డిసెంబర్లోనే మతకల్లోలాలతో నగరం కర్ఫ్యూలో మగ్గింది. పేరు దాచుకోవడం తప్పనిపించలేదు.

పరీక్షలయిన రాత్రి ఎవడో "భువనగిరి పోదాం పారా" అన్నాడు. రెండు స్కూటర్లు. జేబులన్నీ దులిపితే పెట్రోలుకు సరిపోయింది. ఇప్పుడు మెట్రో స్టేషనున్న ఉప్పల్ దాటితే అప్పట్లో చీకటే. ఘట్‌కేసర్, బీబీనగర్... గొంతులు పోయేలా పాడుకుంటూ పోయాం. తెల్లారేసరికి ఒకే బండగా లేచిన ఆ గుట్ట మీదున్నాం. అంత సంతోషం మళ్లీ ఎరగను.

దిగొచ్చి ఒకడి మేనత్త ఇంట్లో తిన్నాం. ఆమె నాకే కొసరి కొసరి వడ్డించింది. "నీ పేరేంది కొడుకా?" అంది. నేను నోరు తెరిచేలోపే వాడు "రాజు" అన్నాడు. అక్కడ అద్దె గది లేదు, ఓనరు లేడు. అన్నం పెడుతున్న తల్లి ఉంది. నేనూ దిద్దలేదు. తల వంచుకుని తిన్నాను.

తిరుగుదారిలో మూగబోయానంటే అబద్ధం. పాడాను. అందరికంటే గట్టిగా.

1992 డిసెంబర్ 6 తర్వాత ఇంటికి రమ్మని అబ్బా కబురంపాడు. ఓనరు నిజంగానే బాధపడ్డాడు. "మంచి పిల్లగాడివి రాజూ. దినాలు మంచిగ లెవ్వు. సాయిబుల బస్తీల దిక్కు పోకు" అని జాగ్రత్తలు చెప్పాడు.

సరేనని తలూపి చార్మినార్ బస్సెక్కాను.